ఉత్పాదకత, లాభం, కుటుంబ ఆదాయం: మూడింటినీ కలిపి పరిశోధించడం ఎలా?

ఒక సంస్థ ఉత్పాదకత పెరిగితే దాని లాభం పెరుగుతుందనీ, లాభం పెరిగితే ఆ సంస్థను నమ్ముకున్న కుటుంబాల ఆదాయం పెరుగుతుందనీ అనుకోవడం సహజం. పరిశోధకులు మాత్రం ఈ రెండు మాటల్లో దేన్నీ ముందే నిజమని తీసుకోకూడదు. ఉత్పాదకత వల్ల కలిగిన మేలు తక్కువ ధర రూపంలో కొనుగోలుదారులకు వెళ్లిపోవచ్చు. మిగిలింది యజమాని దగ్గరే ఆగిపోయి వేతనాల దాకా రాకపోవచ్చు. యజమాని ఇంటికి చేరినా, ఆ ఇంట్లో మరొకరు బయటి కొలువు మానుకొని సంస్థ పనిలో చేరడం వల్ల మొత్తం కుటుంబ ఆదాయం కదలకపోవచ్చు. అందువల్ల మూడింటినీ విడివిడిగా కొలిచి, ఒకదాని నుంచి మరొకదానికి ఎంత చేరిందో ఆధారాలతో చూపించాలి. ఈ పనిని మొదటిసారి చేపట్టే విద్యార్థులు ఏ క్రమంలో సాగాలో, ఎక్కడ ఎక్కువ జాగ్రత్త పడాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఎవరిని లెక్కిస్తున్నాం?

సర్వే పత్రం రాయడానికి ముందే పరిశీలనకు తీసుకునే యూనిట్‌ను నిర్ణయించుకోవాలి. ఒకే యాజమాన్యం కింద మూడు కర్మాగారాలు ఉంటే ఉత్పాదకతను కర్మాగారం స్థాయిలో కొలవడం మేలు, ఎందుకంటే యంత్రాలు, పనివాళ్లు, ముడిసరుకు కలిసేది అక్కడే. లాభాన్ని మాత్రం సంస్థ స్థాయిలోనే అర్థవంతంగా చెప్పగలం. అప్పులు, పన్నులు, ఉమ్మడి ఖర్చులు ఆ స్థాయిలో ఉంటాయి. కుటుంబం విషయానికి వస్తే, బంధుత్వం కన్నా రాబడినీ ఖర్చునూ కలిసి పంచుకోవడమే ప్రధాన గుర్తు. వేరే ఊళ్లో ఉంటూ డబ్బు పంపే కొడుకును సభ్యుడిగా లెక్కిస్తారా, లేక అతను పంపే డబ్బును బయటి నుంచి వచ్చిన బదిలీగా నమోదు చేస్తారా అన్నది మొదటి రోజే రాసిపెట్టుకొని, చివరిదాకా అదే నియమాన్ని పాటించాలి.

చిన్న సంస్థలను అధ్యయనం చేసేటప్పుడు మరొక పని తప్పనిసరి. ప్రతి కుటుంబంలో ఎంతమంది సభ్యులు ఉన్నారో, ఎన్ని వ్యాపారాలు ఉన్నాయో రాసుకొని, ప్రతి వ్యాపారానికీ ఎవరు యజమాని, ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తారు, ఎవరి డబ్బు పెట్టుబడిగా ఉంది అన్న వివరాలను అనుసంధాన పట్టికగా తయారు చేసుకోవాలి. ఈ పట్టిక లేకుండా ఒక్క వ్యాపారాన్నే పట్టుకొని చూస్తే ఫలితం ఎంత తలకిందులు కాగలదో తరువాత చూద్దాం.

ఉత్పాదకతను కొలిచే పద్ధతి

ఉత్పాదకత అంటే పెట్టిన వనరులకూ వచ్చిన ఉత్పత్తికీ మధ్య ఉన్న నిష్పత్తి. ఒక శ్రామికునికి లేదా ఒక పనిగంటకు ఎంత విలువ (అంటే ఉత్పత్తి విలువలో ముడిసరుకు వంటి కొన్న వస్తువుల ఖర్చు పోగా మిగిలేది) జోడించబడిందో చెప్పే శ్రామిక ఉత్పాదకత లెక్కించడం తేలిక. అయితే ఒక సంస్థలో యంత్రాలు ఎక్కువగా ఉంటే ఆ సంఖ్య దానంతట అదే పెరుగుతుంది కాబట్టి, సామర్థ్యం గురించి మాట్లాడాలనుకున్నప్పుడు శ్రమనూ మూలధనాన్నీ రెండింటినీ లెక్కలోకి తీసుకునే మొత్తం కారకాల ఉత్పాదకతను వాడాలి. జోడించిన విలువ 30 శాతం, శ్రమ 10 శాతం, మూలధనం 20 శాతం పెరిగాయనుకుందాం. ఉత్పత్తిలో శ్రమ వాటా 0.6, మూలధనం వాటా 0.4 అయితే, వనరుల పెరుగుదల వివరించేది సుమారు 14 శాతమే. మిగిలిన 16 శాతం ఉత్పాదకత కిందికి వస్తుంది.

ఇది మిగులుగా తేలే సంఖ్య అన్న సంగతిని ఎప్పుడూ మరిచిపోకూడదు. రాబర్ట్ సోలో 1957లో ఇదే పద్ధతిలో అమెరికా 1909–1949 మధ్య కాలపు గణాంకాలను పరిశీలించి, పనిగంటకు వచ్చే ఉత్పత్తి రెట్టింపు కావడంలో దాదాపు ఎనిమిదింట ఏడు వంతులు సాంకేతిక మార్పుకే చెందుతాయని తేల్చారు. అంతకు ముందు సంవత్సరమే మోజెస్ అబ్రమోవిట్జ్ ఇలాంటి మిగులును మన అజ్ఞానానికి ఒక విధమైన కొలమానమని అన్నారు. ఆ మాట సంస్థల స్థాయిలో మరింత వర్తిస్తుంది. పనిగంటలను తప్పుగా నమోదు చేసినా, పాత యంత్రాలను కొనుగోలు ధరకే లెక్కగట్టినా, ఆ తప్పులన్నీ వచ్చి చేరేది ఈ మిగులులోనే. కాబట్టి మూలధనాన్ని తరుగుదల తీసివేసి, ధరల మార్పును సవరించి లెక్కించాలి. పనివాళ్ల తలల లెక్కతో సరిపెట్టకుండా గంటలు అడగాలి. యజమాని, ఇంటివాళ్లు జీతం లేకుండా చేసే గంటలను కూడా చేర్చాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ధరతో వస్తుంది. చాలా సర్వేల్లో ఉత్పత్తి పరిమాణం ఉండదు, అమ్మకాల విలువ మాత్రమే ఉంటుంది. ఒకే వస్తువును తయారు చేసే రెండు సంస్థలు ఒకే సంఖ్యలో పనివాళ్లనూ ఒకే రకం యంత్రాలనూ వాడుతున్నాయనుకోండి. మొదటిది 100 వస్తువులు చేసి ఒక్కొక్కటి 10కి అమ్మితే రాబడి 1,000. రెండోది 120 వస్తువులు చేసి ఒక్కొక్కటి 8కి అమ్మితే రాబడి 960. భౌతిక ఉత్పాదకతలో రెండోది 20 శాతం ముందుంది. రాబడి ఆధారంగా చూస్తే వెనకబడినట్టు కనిపిస్తుంది. లూసియా ఫాస్టర్, జాన్ హాల్టివాంగర్, చాడ్ సివర్సన్ 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడాను చక్కగా పట్టి చూపింది. వారు రెడీమిక్స్ కాంక్రీట్, చక్కెర, ఐసు, ప్లైవుడ్ వంటి ఒకే నాణ్యత గల వస్తువులను ఎంచుకొని, పరిమాణాన్నీ ధరనూ వేరు చేసి చూశారు. కొత్తగా రంగంలోకి వచ్చిన సంస్థలు తక్కువ ధరకు అమ్ముతాయి కాబట్టి, రాబడి ఆధారిత కొలత వాటి అసలు సామర్థ్యాన్ని తక్కువ చేసి చూపుతుందని తేలింది. సంస్థ నిలుస్తుందా మూతపడుతుందా అన్నదాన్ని లాభదాయకత నిర్ణయిస్తుందనీ, ఉత్పాదకత ఆ లాభదాయకతలో ఒక భాగం మాత్రమేననీ ఆ అధ్యయనం స్పష్టం చేసింది.

అందుచేత సర్వేలో వీలైతే ప్రధాన వస్తువుల పరిమాణాన్నీ యూనిట్ ధరనూ వేర్వేరుగా అడగండి. అది సాధ్యం కాకపోతే పరిశ్రమ స్థాయి ధరల సూచీతో రాబడిని సవరించి, మీ కొలత రాబడి ఉత్పాదకత అని వ్యాసంలో ప్రతిచోటా అదే పేరుతో పిలవండి. సామర్థ్యం అనే మాటను దానికి వాడకండి.

గుణకాల అంచనాలో దాగి ఉన్న పొరపాటు

శ్రమ, మూలధనాల వాటాలను (గుణకాలను) రెండు విధాలుగా పొందవచ్చు. ఖర్చుల్లో వాటి భాగాన్నే వాటాగా తీసుకోవడం మొదటి పద్ధతి. తక్కువ సంస్థలు ఉన్న శాంపిల్‌కు ఇదే నమ్మకమైనదని నా అభిప్రాయం. రెండోది వనరులకూ ఉత్పత్తికీ మధ్య సంబంధాన్ని చూపే సమీకరణాన్ని, అంటే ఉత్పత్తి ఫలాన్ని, ప్రతిగమన విశ్లేషణతో (రిగ్రెషన్‌తో) అంచనా వేయడం. అందులో అతి సాధారణమైన కనిష్ఠ వర్గాల పద్ధతిని (OLS) నేరుగా వాడితే ఇక్కడ పొరపాటు జరుగుతుంది. తన సంస్థ ఈ ఏడాది బాగా నడుస్తుందని యజమానికి ముందే తెలిస్తే ఎక్కువ మందిని పనిలో పెట్టుకుంటారు. ఆ విషయం పరిశోధకుడికి కనిపించదు కాబట్టి, ఉత్పాదకత వల్ల వచ్చిన పెరుగుదల శ్రమ ఖాతాలో పడుతుంది. ఈ సమస్యను మార్షాక్, ఆండ్రూస్ 1944లోనే గుర్తించారు.

ఓలీ, పేక్స్ 1996లో అమెరికా టెలికమ్యూనికేషన్ పరికరాల పరిశ్రమను అధ్యయనం చేస్తూ, యజమానికి తెలిసి మనకు తెలియని ఆ సమాచారాన్ని సంస్థ పెట్టుబడి నిర్ణయాల నుంచి రాబట్టే మార్గం చూపారు. చాలా సంస్థలు చాలా సంవత్సరాల్లో కొత్త పెట్టుబడి ఏమీ పెట్టవు కాబట్టి, లెవిన్‌సన్, పెట్రిన్ 2003లో పెట్టుబడికి బదులు ముడిసరుకు, విద్యుత్తు వంటి మధ్యంతర వస్తువుల వాడకాన్ని ఉపయోగించారు. ఆ రెండు పద్ధతుల్లోనూ శ్రమ గుణకాన్ని గుర్తించడంలో ఉన్న లోపాన్ని అకెర్‌బర్గ్, కేవ్స్, ఫ్రేజర్ 2015లో సవరించారు. గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ సిద్ధంగా దొరుకుతాయి. అయితే ఏ ఆదేశాన్ని వాడినా, దాని వెనుక ఉన్న ఊహ మీ రంగానికి సరిపోతుందో లేదో రెండు మూడు వాక్యాల్లో సమర్థించుకోవాలి. ముడిసరుకు సరఫరా తరచూ ఆగిపోయే చోట, దాని వాడకం యజమాని అంచనాలను ప్రతిబింబిస్తుందని చెప్పడం కష్టం.

మూతపడిన సంస్థలను డేటా నుంచి తొలగించి, అన్ని సంవత్సరాలూ నిలిచిన వాటినే తీసుకోవడం మరొక సాధారణ దోషం. చిన్న మూలధనంతో కూడా నిలిచిన సంస్థ అసాధారణంగా సమర్థమైనదై ఉంటుంది. అలాంటివే మిగిలిన శాంపిల్‌లో మూలధనం గుణకం అసలుకన్నా తగ్గిపోతుంది. మూతపడిన సంవత్సరాన్ని నమోదు చేయండి, ఆ సంస్థను వదిలేయకండి.

తుది సంఖ్యలు చేతికి వచ్చాక సంస్థల మధ్య తేడా ఎంత ఉందో చూడండి. సివర్సన్ 2004 నాటి అధ్యయనంలో, అమెరికా తయారీ రంగంలో ఒకే సన్నిహిత పరిశ్రమలోని సంస్థలను వరుసలో పెడితే, 90వ పర్సెంటైల్‌లో (నూటికి 90 సంస్థలకన్నా పైన) ఉన్నది 10వ పర్సెంటైల్‌లో ఉన్నదానికన్నా అవే వనరులతో దాదాపు రెట్టింపు ఉత్పత్తి చేస్తోంది. కాబట్టి మీ ఫలితాల్లో రెట్టింపు తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఇరవై రెట్లు కనిపిస్తే మాత్రం సిద్ధాంతం కోసం వెతకడానికి ముందు డేటా నమోదులో తప్పులు వెతకండి.

లాభం: ఒక్క ప్రశ్నా, నలభై ప్రశ్నలా?

పెద్ద సంస్థలకు ఆడిట్ అయిన లెక్కలు ఉంటాయి. అక్కడ నిర్వహణ లాభాన్ని అమ్మకాలతో భాగిస్తే వచ్చే మార్జిన్, ఆస్తులతో భాగిస్తే వచ్చే రాబడి రేటు వేర్వేరు విషయాలు చెబుతాయని గుర్తుంచుకుంటే చాలావరకు పని గడుస్తుంది. ఉపాంత వ్యయంపై (మరొక్క యూనిట్ తయారీకి అయ్యే అదనపు ఖర్చుపై) ధర ఎంత ఎక్కువగా ఉందో చెప్పే మార్కప్‌ను లాభంగా పొరబడటం మాత్రం తరచూ కనిపిస్తుంది. డి లోకర్, ఎక్‌హౌట్, ఉంగర్ 2020లో అమెరికా సంస్థల సగటు మార్కప్ 1980లో 21 శాతం దగ్గర మొదలై 61 శాతానికి పెరిగిందని అంచనా వేశారు. అదే అధ్యయనంలో సగటు లాభం రేటు 1 శాతం నుంచి 8 శాతానికి మాత్రమే పెరిగింది. మధ్యలో ఉన్న దూరానికి ప్రధాన కారణం స్థిర వ్యయాలు పెరగడమే.

లెక్కల పుస్తకాలు రాయని చిన్న సంస్థల దగ్గర పని కష్టమవుతుంది. అమ్మకాలు, ఖర్చులు అంశాలవారీగా అడిగి ఒకదాని నుంచి మరొకటి తీసివేయడం శాస్త్రీయంగా కనిపిస్తుంది. కానీ ఈ నెల కొన్న సరుకు వచ్చే నెల అమ్ముడుపోతుంది. ఇంటి వాడకానికి తీసిన వస్తువు ఖర్చులో ఉంటుంది, అమ్మకంలో ఉండదు. ఇలా లెక్కగట్టిన లాభానికీ, యజమాని నోటితో చెప్పిన లాభానికీ పొంతన కుదరదు. సురేశ్ డి మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్‌రఫ్ శ్రీలంకలోని చిన్న వ్యాపారాలపై ప్రయోగాలు చేసి 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, యజమానులు అమ్మకాలను సుమారు 30 శాతం తగ్గించి చెబుతారు. అయినప్పటికీ, ఖర్చులన్నీ పోగా గత నెలలో ఎంత మిగిలిందని సూటిగా అడిగే ఒక్క ప్రశ్న, అంశాలవారీ ప్రశ్నావళి కన్నా మెరుగైన కొలతను ఇస్తుంది. కాబట్టి సూటి ప్రశ్నను ప్రధాన కొలతగా పెట్టుకోండి. అమ్మకాలు, ఖర్చుల వివరాలు కూడా అడగండి, కానీ సరిచూసుకోవడానికి. కాలానుగుణంగా హెచ్చుతగ్గులుండే వ్యాపారమైతే ఒకే నెలను ఏడాదికి పన్నెండుతో గుణించకుండా, వేర్వేరు కాలాల్లో రెండు మూడు విడతలుగా సర్వే చేయాలి.

నష్టాలు, సున్నాలు కూడా నిజమైన సమాధానాలే. సంవర్గమానం (లాగరిథమ్) తీసుకోవడానికి వీలుకాదని వాటిని తొలగిస్తే శాంపిల్‌లో బాగా నడిచే వ్యాపారాలే మిగులుతాయి. సంఖ్యకు 1 కలిపి సంవర్గమానం తీసుకునే అలవాటూ మంచిది కాదు, ఎందుకంటే లాభాన్ని రూపాయల్లో రాశామా, వేలల్లో రాశామా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. లాభాన్ని ఉన్న విలువలోనే వాడి, అతి పెద్ద, అతి చిన్న 1 శాతం విలువలకు పరిమితి విధించి, పరిమితి లేకుండా వచ్చిన ఫలితాన్ని కూడా పక్కనే చూపడం సరైన మార్గం.

ఇంటి శ్రమకు వెల కట్టడం

సంస్థ లాభమూ కుటుంబ ఆదాయమూ విడిపోయే చోటు ఇదే కనుక ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఒక కుటుంబ వ్యాపారానికి ఏడాదికి అమ్మకాలు 1,000 యూనిట్లు, ముడిసరుకు 600, బయటివారికి ఇచ్చిన వేతనాలు 150, అద్దె 50 అనుకుందాం. మిగిలేది 200. యజమానీ జీవిత భాగస్వామీ ఇదే పనిని వేరొకరి దగ్గర చేస్తే 180 వచ్చేదనుకుంటే, ఆర్థికశాస్త్ర పరిభాషలో ఈ సంస్థ లాభం 20 మాత్రమే. అదే సమయంలో కుటుంబం చేతికి వచ్చిన వ్యాపార ఆదాయం మొత్తం 200. ఇంట్లో మరొకరు ఉద్యోగం చేసి 120 తెస్తే కుటుంబ ఆదాయం 320. 20, 200, 320 అనే మూడు సంఖ్యలూ సరైనవే. సంస్థ నిలదొక్కుకుంటుందా అని అడిగితే 20ని, కుటుంబం ఎలా బతుకుతోందని అడిగితే 320ని చూడాలి.

ఇంటి శ్రమకు ఎంత వెల కట్టాలన్నది తీర్పుతో కూడిన విషయం. మార్కెట్ వేతనాన్నే పూర్తిగా కడితే చాలా చిన్న సంస్థలు నష్టాల్లో ఉన్నట్టు కనిపిస్తాయి. అవి మూతపడకపోవడమే ఆ వెల ఎక్కువైందని చెప్పే సాక్ష్యం కావచ్చు, ఎందుకంటే వారికి బయట అంత వేతనంతో పని దొరకకపోవచ్చు. సున్నా వెల కడితే వారి శ్రమను గౌరవించనట్టే, లెక్కలోనూ లాభం ఉబ్బిపోతుంది. పూర్తి వేతనం, సగం వేతనం, సున్నా అనే మూడు వెలలతోనూ ఫలితాలు ఇచ్చి, మీ ప్రధాన వాదన మూడింటిలోనూ నిలుస్తుందో లేదో చెప్పండి.

కుటుంబ ఆదాయాన్ని కూర్చేటప్పుడు వేతనాలు, స్వయం ఉపాధి రాబడి, ఆస్తిపై వచ్చే అద్దెలు, వడ్డీలు, బయటి నుంచి అందే బదిలీలు, సొంత వాడకానికి ఇంట్లో తయారు చేసుకున్న వస్తువుల విలువ అన్నీ రావాలి. 2003లో కార్మిక గణాంకవేత్తల 17వ అంతర్జాతీయ సమావేశం ఆమోదించిన తీర్మానం, కుటుంబ ఆదాయ గణాంకాల నిపుణుల కాన్‌బెర్రా బృందం 2011లో రెండో కూర్పుగా తెచ్చిన చేతిపుస్తకం ఇందుకు ప్రామాణికమైనవి. కుటుంబాలను పోల్చేటప్పుడు సభ్యుల సంఖ్యతో కాక దాని వర్గమూలంతో భాగించడం విస్తృతంగా వాడుకలో ఉన్న పద్ధతి. 400 ఆదాయమున్న నలుగురి కుటుంబాన్ని అప్పుడు ఒంటరిగా ఉంటూ 200 సంపాదించే వ్యక్తితో సమానంగా చూస్తాం. వీలైతే వినియోగ వ్యయాన్ని కూడా అడగండి. ఆదాయం నెలనెలా ఊగిసలాడే కుటుంబాల్లో జీవన స్థాయిని వినియోగమే నిలకడగా చూపుతుంది.

ఒకదాని నుంచి మరొకదానికి ఎంత చేరింది?

ఉద్యోగుల కుటుంబాల విషయంలో చూడాల్సింది సంస్థ ఉత్పాదకతలో వేతనాలకు చేరే భాగం. కార్డ్, కార్డోసో, హైనింగ్, క్లైన్ 2018లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, ఈ వ్యాకోచత్వం సాధారణంగా 0.05 నుంచి 0.15 మధ్య ఉంటుందని చెప్పారు. అంటే ఒక సంస్థలో శ్రామికునికి జోడించే విలువ 10 శాతం ఎక్కువైతే, వేతనం అర శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా ఎక్కువగా ఉంటుంది. మీ అంచనా దీనికన్నా బాగా పెద్దదిగా వస్తే, మంచి సంస్థలు మంచి నైపుణ్యం ఉన్నవారినే ఎంచుకుంటున్నాయేమో చూడాలి. ఆ రెండింటినీ వేరు చేయడానికి సంస్థలు మారిన వ్యక్తుల వేతనాలను పోల్చి చూసే, అబౌడ్, క్రమార్జ్, మార్గోలిస్ 1999లో చూపిన మార్గం ఉంది. అయితే ఒకే వ్యక్తులు సంస్థలు మారిన సందర్భాలు డేటాలో తగినన్ని లేకపోతే అది పనిచేయదు.

యజమానుల కుటుంబాల విషయంలో, అనుసంధాన పట్టిక విలువను చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. శ్రీలంకలో డి మెల్, మెకెంజీ, వుడ్‌రఫ్ యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన చిన్న వ్యాపారాలకు 10,000 లేదా 20,000 శ్రీలంక రూపాయల గ్రాంట్లు ఇచ్చి, మూలధనంపై రాబడి సగటున నెలకు 4.6 నుంచి 5.3 శాతం ఉందని 2008లో తేల్చారు. స్త్రీలు నడిపే వ్యాపారాల్లో మాత్రం సగటు రాబడి సున్నాగా కనిపించింది. దాన్ని చూసి స్త్రీల వ్యాపార నైపుణ్యం గురించి తొందరపాటు నిర్ణయాలకు రావడం ఎంత సులభమో ఆలోచించండి. అరియెల్ బర్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే, నటాలియా రిగోల్ భారత్, శ్రీలంక, ఘనా ప్రయోగాల డేటాను కుటుంబ స్థాయిలో మళ్లీ పరిశీలించి 2019లో ప్రచురించిన ఫలితం వేరు. స్త్రీల చేతికి వచ్చిన మూలధనం భర్తల వ్యాపారాల్లోకి వెళ్లింది. ఇంట్లో స్త్రీ ఒక్కరే వ్యాపారం చేస్తున్న చోట లాభాలు గణనీయంగా పెరిగాయి. కుటుంబ ఆదాయంలో పెరుగుదల డబ్బు అందుకున్నది స్త్రీ అయినా పురుషుడైనా సమానంగానే ఉంది. డబ్బు ఇంట్లోనే ఉంది, పెరుగుదలా ఇంట్లోనే జరిగింది. ఒక్క వ్యాపారం లెక్కను మాత్రమే తెరిచి చూసినవారికి అది కనిపించలేదు.

కారణం గురించి మాట్లాడేటప్పుడు

ఉత్పాదకత ఎక్కువున్న సంస్థల యజమానుల ఆదాయం ఎక్కువగా ఉందని తేలినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమని అనలేం. సంపన్న కుటుంబాలే మంచి యంత్రాలు కొనగలిగి ఉండవచ్చు. యాదృచ్ఛిక కేటాయింపు సాధ్యమైతే అదే బలమైన మార్గం. నికొలస్ బ్లూమ్ బృందం ముంబై సమీపంలోని వస్త్ర పరిశ్రమలో కొన్ని కర్మాగారాలకు ఉచితంగా నిర్వహణ సలహాలు అందించి, మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగిందని 2013లో చూపగలిగింది ఆ మార్గంలోనే. మొత్తం 17 సంస్థలే ఉన్నప్పటికీ, సుదీర్ఘకాలం పాటు తరచూ డేటా సేకరించడం వల్ల ఆ ఫలితం నిలబడింది. ప్రయోగం వీలుకాని చోట ధరల ఆకస్మిక మార్పు, నిబంధనల సడలింపు వంటి బయటి సంఘటనలను ఆధారం చేసుకోవచ్చు. ఆ సంఘటన కుటుంబ ఆదాయాన్ని సంస్థ ద్వారా కాక మరే దారిలోనూ తాకలేదని అప్పుడు చూపించాలి. అదీ సాధ్యం కాకపోతే సంబంధం ఉందని మాత్రమే రాయండి. నిజాయితీగా రాసిన సహసంబంధం కూడా విధాన నిర్ణేతలకు ఉపయోగపడుతుంది.

ఫలితాల పట్టికను సంస్థ ఉత్పాదకత, ధర, సంస్థ లాభం, చెల్లించిన వేతనాలు, యజమాని కుటుంబ పనిగంటలు, కుటుంబ మొత్తం ఆదాయం అనే నిలువు వరుసలతో ఒకే శాంపిల్ మీద తయారు చేయండి. ఏ వరుసలో ప్రభావం కనిపించి, దాని తరువాతి వరుసలో ఎక్కడ ఆగిపోయిందో అప్పుడు పాఠకులే చూడగలుగుతారు. ప్రభావం సున్నాగా వచ్చిన వరుసలను అనుబంధంలోకి నెట్టకుండా అదే పట్టికలో, విశ్వాస అంతరాలతో (అంచనా ఎంత అనిశ్చితమో చూపే పరిధులతో) సహా ఉంచండి.